గళ్ల వాన, హద్దుల కోత

ఈ ఏడు మన జిల్లాలో ఎంత వాన కురిసిందని ఎవరైనా అడిగితే పత్రిక చూసో, ఫోను చూసో ఒక అంకె చెప్పేస్తాం. ఆ అంకె మన చేతికి అందేలోపు రెండు పనులు జరిగి ఉంటాయి. పడిన వానను కొలవడం ఒకటి. దేశమంతటి కొలతల్లోంచి మన జిల్లాకో, మండలానికో, నది పరీవాహక ప్రాంతానికో చెందిన పాలును విడదీయడం రెండోది. మొదటి పనిని శాస్త్రం అంటున్నాం. రెండోదాన్ని కంప్యూటరు ముందు కూర్చుని అరగంటలో ముగించే గుమాస్తా పనిగా చూస్తున్నాం. వాతావరణం మీద, పంటల మీద, భూగర్భ జలాల మీద మన విశ్వవిద్యాలయాల్లో వచ్చే సిద్ధాంత వ్యాసాలు తిరగేస్తే డేటా ఎక్కడి నుంచి తెచ్చారో ఒక వాక్యం ఉంటుంది. దాన్ని ఎలా కత్తిరించారో చాలాసార్లు ఒక్క మాటా ఉండదు. ఈ ప్రసంగంలో నా వాదన ఒక్కటే. కత్తిరింపు కూడా కొలతలో భాగమే. గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి వాన లెక్క మారుతుంది, కొన్నిచోట్ల రెండింతలు, మూడింతలు మారుతుంది. అందుకే ఆ గీత ఎలా గీశామో చెప్పని అంకెను పూర్తి అంకెగా తీసుకోకూడదు.

ముందు ఈ డేటా రూపం చూద్దాం. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దాని పుణె కార్యాలయం 1901 నుంచి ఇప్పటి దాకా దేశంలో పడిన రోజువారీ వర్షపాతాన్ని గళ్ల రూపంలో తయారుచేసి అందరికీ అందుబాటులో ఉంచింది. దేశపటం మీద చేపల వల పరిచినట్టు ఊహించుకోండి. అక్షాంశాల వెంట, రేఖాంశాల వెంట పావు డిగ్రీకి ఒక దారం. దక్షిణాన 6.5 డిగ్రీల నుంచి ఉత్తరాన 38.5 డిగ్రీల దాకా 129 అడ్డు దారాలు, పడమట 66.5 డిగ్రీల నుంచి తూర్పున 100 డిగ్రీల దాకా 135 నిలువు దారాలు. దారాలు కలిసే ముడులు 17,415. ప్రతి ముడి దగ్గరా ప్రతి రోజుకూ ఒక అంకె ఉంటుంది. ఆ రోజు అక్కడ ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో అది చెబుతుంది. వీటిలో దేశపు నేల మీద ఉండేవి సుమారు 5 వేలే. మిగతావి సముద్రం మీదో, సరిహద్దు అవతలో పడతాయి. అక్కడ వాన అంకె బదులు, సమాచారం లేదని తెలిపే గుర్తుగా మైనస్ 999 అని రాసి ఉంటుంది. పావు డిగ్రీ అంటే అనంతపురం దగ్గర ఉత్తర దక్షిణాలుగా 27 కిలోమీటర్ల పైచిలుకు, తూర్పు పడమరలుగా దాదాపు 27. ముడిని నడుమ ఉంచుకున్న ఒక్కో గడి సుమారు 745 చదరపు కిలోమీటర్లు. ఈ 745ని గుర్తుంచుకోవాలని మనవి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఆ ముడుల దగ్గర వర్షమాపకాలు ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. వర్షమాపకాలు ఊళ్లలో, తాలూకా కార్యాలయాల ఆవరణల్లో, ఆనకట్టల దగ్గర, వ్యవసాయ క్షేత్రాల్లో ఉంటాయి. చుట్టుపక్కల మాపకాల్లో నమోదైన వానను తీసుకుని, దగ్గరిదానికి ఎక్కువ బరువు, దూరపుదానికి తక్కువ బరువు ఇచ్చి ముడి దగ్గర ఎంత పడి ఉంటుందో అంచనా కడతారు. దీన్ని షెపర్డ్ పద్ధతి అంటారు. 2014లో ప్రకటించిన ఈ గళ్ల డేటాకు మొత్తం 6,955 వర్షమాపకాల రికార్డులు వాడారు. అయితే ఏ ఏడాదీ అన్నీ ఒకేసారి అందుబాటులో లేవు. సగటున ఏడాదికి సుమారు 2,600. 1901లో 1,450కి అటూ ఇటూ ఉంటే, 1990ల మొదట్లో 3,950 దాకా పెరిగాయి. మన దేశ విస్తీర్ణం దాదాపు 32 లక్షల 87 వేల చదరపు కిలోమీటర్లు. దాన్ని 2,600తో భాగిస్తే 1,260 చదరపు కిలోమీటర్లకు ఒక మాపకం. అన్నిటికంటే ఎక్కువ మాపకాలున్న కాలంలో కూడా 830కి ఒకటి. గడి ఏమో 745. అంటే మాపకాలు దేశమంతా సమంగా పరచినా గడికొకటి రాదు. సమంగా లేవు కనుక చాలా గళ్లలో అసలు మాపకమే లేదు, వాటి వాన పొరుగు గళ్ల నుంచి ఎరువు తెచ్చుకున్నది. ఈ మాట డేటాను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. నూట ఇరవై ఏళ్ల పైబడి, ఒక్క రోజు ఖాళీ లేకుండా, దేశమంతటికీ ఒకే పద్ధతిలో కట్టిన లెక్క మరొకటి మనకు లేదు. అయితే ఇది అంచనాల వల అని తెలిసినవాడు కత్తెర పట్టే తీరు వేరుగా ఉంటుంది. గడి అంచును పొలం గట్టంత కచ్చితమైనదిగా అతడు చూడడు.

ఇప్పుడు కత్తెర దగ్గరికి వద్దాం. పాత అనంతపురం జిల్లాను తీసుకుంటాను. 2022 ఏప్రిల్ 4న విడిపోయే దాకా అది 19,130 చదరపు కిలోమీటర్ల జిల్లా, అందులో 63 మండలాలు. ఒక మండలం సగటున 304 చదరపు కిలోమీటర్లు. గడి 745 కనుక, ఒక్కో గడి కింద రెండున్నర మండలాలు ఇముడుతాయి. జిల్లా మొత్తం మీద గళ్ల నడిమి బిందువులు పడేవి 26 దాకా. మండలాల వారీగా వేరుశనగ దిగుబడికీ వానకూ సంబంధం చూడాలని ఒక విద్యార్థి బయలుదేరాడనుకుందాం. మండలాల హద్దుల ఫైలు తెచ్చుకుని, వాన ఫైలు మీద పరిచి, కత్తిరించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్తాడు. చాలా సాఫ్ట్‌వేర్లు, మనం వేరే ఏమీ చెప్పకపోతే, గడి నడిమి బిందువు హద్దు లోపల ఉంటేనే ఆ గడిని తీసుకుంటాయి. ఒక బిందువు ఒకే మండలంలో పడగలదు. ఉన్న బిందువులు 26. అంటే 63 మండలాల్లో, అన్నీ కలిసొస్తే, 26 మండలాలకే వాన అంకె వస్తుంది. మిగిలిన 37 మండలాలూ ఖాళీ. దీనికి మబ్బులతో సంబంధం లేదు. అది భాగహారం, ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

ఖాళీలు చూసి కంగారుపడి, సరే, హద్దును తాకిన ప్రతి గడినీ తీసుకో అని రెండో మీట నొక్కితే ఖాళీలు మాయమవుతాయి. సమస్య మాయం కాదు. ఒక మండలం మూడు గళ్ల మీద పడి ఉందనుకుందాం. దాని నేలలో 60 శాతం మొదటి గడిలో, 30 శాతం రెండో గడిలో, 10 శాతం మూడో గడిలో. ఆ రోజు మొదటి గడిలో 10 మిల్లీమీటర్లు, రెండోదానిలో 40, మూడోదానిలో 80 పడింది. నడిమి బిందువు పద్ధతిలో మొదటి గడి ఒక్కటే లెక్కలోకి వస్తే ఆ మండలం వాన 10 మిల్లీమీటర్లు. తాకిన గళ్లన్నిటి సగటు తీస్తే 43. ఏ గడిలో మండలం నేల ఎంత ఉందో అంత బరువు వేసి లెక్కిస్తే 26. ఒకే రోజు, ఒకే డేటా, ఒకే మండలం. పది, ఇరవై ఆరు, నలభై మూడు. మెట్ట రైతుకు ఈ మూడింటికీ ఉన్న తేడా చెప్పనక్కరలేదు. పది మిల్లీమీటర్ల వాన నేల పైపొరను తడిపి ఎండకు ఆరిపోయే వాన. నలభై మూడు గొర్రు కట్టుకుని విత్తనానికి పోయే పదును. నా ఉద్దేశంలో మండలం వంటి చిన్న ప్రాంతానికి బరువుల పద్ధతి ఒక్కటే సమర్థించదగినది. అదీ సంపూర్ణం కాదు. గడి అంతటా వాన ఒకేలా పడిందన్న ఊహ అందులో ఉంది. కానీ ఆ ఊహ కంటికి కనిపించే ఊహ, దాని మీద వాదించవచ్చు. మొదటి రెండు పద్ధతుల్లో ఊహ సాఫ్ట్‌వేర్ లోపల దాక్కుని ఉంటుంది.

ఈ తేడాలు ఒక రోజుకు సంబంధించినవి, కాలం మొత్తం కూడితే సర్దుకుంటాయని ఎవరైనా అనవచ్చు. కొంత సర్దుకుంటాయి, ఒప్పుకుంటాను. కానీ వాన లెక్కల్లో గీతలు చాలా సన్నగా ఉంటాయని మరచిపోకూడదు. వాతావరణ శాఖ వర్గీకరణలో సాధారణం కంటే 19 శాతం దాకా తక్కువైతే అది సాధారణ వర్షపాతమే. 20 శాతం తగ్గితే లోటు. ఒక ప్రాంతానికి నైరుతి రుతుపవనాల నాలుగు నెలల సాధారణ వర్షపాతం 300 మిల్లీమీటర్లు అనుకుంటే, 243 పడితే సాధారణం, 240 పడితే లోటు. మధ్యలో ఉన్నది మూడే మూడు మిల్లీమీటర్లు. అలాగే రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వర్షపు రోజుగా లెక్కిస్తారు. అంచు గడి నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే వర్షపు రోజుల సంఖ్య మారిపోతుంది, వానల మధ్య విరామం ఎన్ని రోజులన్న లెక్కా మారిపోతుంది. కరవు మీద, పంటల బీమా మీద పరిశోధనలు చేసేవారు ఇలాంటి గీతల మీదే తీర్పులు చెబుతారు. తీర్పు సన్నటి గీత మీద నిలబడినప్పుడు దాని కింద ఉన్న లెక్క ముతకగా ఉండకూడదు.

ఇంతదాకా ఎలా కత్తిరించాలన్నది చూశాం. దాని కంటే ముందు ఏ హద్దు వెంట కత్తిరించాలన్న ప్రశ్న ఉంది. నీళ్లకు జిల్లా హద్దు తెలియదు. పెన్నా నది కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప, నెల్లూరు సీమల మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. అందులో 6,937 కర్ణాటకలో ఉంది, అంటే ఎనిమిదో వంతు. పెన్నాలో కలిసే చిత్రావతి కూడా ఆ కొండల వైపు నుంచే వస్తుంది. పెన్నాలో వరద ఎందుకొచ్చింది, చెరువులు ఎందుకు నిండలేదు అని అధ్యయనం చేసేవారు ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దగ్గర కత్తెర వేస్తే నది పుట్టిన చోటునే కోసి పారేసినట్టు. తొమ్మిది గళ్ల వాన లెక్కలోంచి పోతుంది, అదీ ఎగువ వాన. నీటి అధ్యయనానికి నీటి హద్దే వాడాలి, అంటే కొండల నెత్తుల వెంట సాగే పరీవాహక రేఖ. అది వాడినా సరిగ్గా రేఖ మీద కోయకూడదు. పెన్నా బేసిన్ సుమారుగా 13.3 నుంచి 15.8 ఉత్తర అక్షాంశాల మధ్య, 77 నుంచి 80.2 తూర్పు రేఖాంశాల మధ్య ఉంది. డేటా తెచ్చుకునేటప్పుడు 12.75 నుంచి 16.25 దాకా, 76.5 నుంచి 80.75 దాకా తెచ్చుకోవాలి. అప్పుడు వచ్చేవి 270 ముడులు, బేసిన్ లోపల నిజంగా పడేవి 75 దాకా. మిగతావి వృథా అనుకోవద్దు. గళ్లను సన్నగా విడగొట్టాలన్నా, వేరే డేటాతో పోల్చడానికి జరపాలన్నా ప్రతి గడికీ నాలుగు పక్కలా ఇరుగుపొరుగు కావాలి. ముందే దగ్గరగా కోసేస్తే అంచు గళ్లకు ఒక పక్క ఇరుగుపొరుగు ఉండదు, అక్కడ అంచనా వంకరపోతుంది. బట్ట కుట్టేవారు కొలత మీద కొంత మడతకు వదిలి కత్తిరిస్తారు. ఇక్కడా అంతే.

హద్దుతో పాటు గడియారమూ కోతే. వాతావరణ శాఖ ఫైల్లో ఒక తేదీ కింద ఉన్న వాన ఆ తేదీన అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా పడింది కాదు. ముందు రోజు ఉదయం ఎనిమిదిన్నర నుంచి ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నర దాకా పడింది. దీని ప్రాముఖ్యం చెయ్యేరు వరదలో చూడవచ్చు. 2021 నవంబరు 19 ఉదయం రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లు వరదలో చిక్కుకున్నాయి. చెయ్యేటిలోకి నీళ్లు తెచ్చే బాహుదా, పింఛా నదుల పైభాగం అప్పటి చిత్తూరు జిల్లాలో ఉంది. తెగిన కట్ట, మునిగిన ఊళ్లు అప్పటి కడప జిల్లాలో ఉన్నాయి. కాబట్టి కడప జిల్లా హద్దుతో కోస్తే వరదకు కారణమైన వానలో పెద్ద భాగం లెక్కలోకి రాదు. ఇక తేదీ. వరద 19న వచ్చింది కనుక వాన 18న పడి ఉంటుందని 18వ తేదీ ఫైలు తీస్తే, అందులో ఉండేది 17 ఉదయం నుంచి 18 ఉదయం దాకా పడిన వాన. 18న పగలూ రాత్రీ కురిసింది 19వ తేదీ కింద నమోదై ఉంటుంది. ఐరోపా వాతావరణ కేంద్రం తయారుచేసే ఈఆర్ఏ5 డేటాతో పోల్చితే చిక్కు ఇంకా పెరుగుతుంది. అది గంటల వారీ లెక్క, గ్రీనిచ్ కాలమానంలో. గ్రీనిచ్ కాలమానం ప్రకారం 18వ తేదీ అంటే మనకు 18 ఉదయం ఐదున్నర నుంచి 19 ఉదయం ఐదున్నర. అంటే ఈఆర్ఏ5లో 18 అని ఉన్న రోజుకు మన శాఖ డేటాలో జోడీ 19. రెండింటిలో ఒకే తేదీలు పక్కపక్కన పెట్టి చూసినవారు ఈ రెండు డేటాలకూ పొంతన లేదని తీర్మానిస్తారు. పొంతన లేనిది డేటాలో కాదు, పోల్చిన తేదీల్లో. గంటల వారీ డేటా చేతిలో ఉన్నప్పుడు గ్రీనిచ్ మూడు గంటల నుంచి మర్నాడు మూడు గంటల దాకా కూడితే మన ఎనిమిదిన్నర రోజు సరిగ్గా వస్తుంది.

తప్పుల్లో రెండు రకాలున్నాయి. కొన్ని తమను తామే పట్టిస్తాయి. వాతావరణ శాఖ ఫైల్లో వరుసలు దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంటాయి. తలకిందులుగా చదివితే కేరళ వాన కాశ్మీరు వైపు పడుతుంది, చూసిన వెంటనే తెలిసిపోతుంది. తీర ప్రాంతం కోస్తూ సముద్రపు గడిలోని మైనస్ 999ని వాన అంకెగా కూడితే సగటు సున్నా కిందికి పోతుంది. సున్నా కంటే తక్కువ వాన ఉండదు కనుక అదీ దొరుకుతుంది. భయపడాల్సింది రెండో రకానికి. ఆ మైనస్ 999 ఇబ్బంది పెడుతోందని దాన్ని సున్నాగా మార్చారనుకోండి. నెల్లూరు తీరంలో నాలుగు గళ్లు, ఒకటి సముద్రం మీద, మిగతా మూడింటిలో 80 మిల్లీమీటర్ల చొప్పున వాన. సున్నాతో కలిపి సగటు తీస్తే 60. అరవై నమ్మదగిన అంకెలానే కనిపిస్తుంది, ఎవరూ ప్రశ్నించరు. అలాగే, 6.5 డిగ్రీలన్నది ముడి ఉన్న చోటు, అంటే గడి నడుమ. దాన్ని గడి మూలగా ప్రకటించి పటం చేస్తే దేశం మొత్తం మీది వాన సగం గడి, దాదాపు 14 కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది. పటం చూడటానికి చక్కగా ఉంటుంది. శేషాచలం కొండల దగ్గర 14 కిలోమీటర్లంటే కొండకు ఒక పక్క పడిన వాన ఇంకో పక్క వాగులో చేరడం. అందమైన పటం తప్పుకు ముసుగు కాగలదు కనుక, కోసిన తర్వాత తెలిసిన ఒక వర్షమాపకంతో, తెలిసిన ఒక తుపాను రోజున సరిచూసుకోవడం తప్పనిసరి అంటాను.

జిల్లాల పునర్విభజన వల్ల మనకు వచ్చిపడిన చిక్కు ఒకటుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆదిలాబాద్ నాలుగు జిల్లాలుగా విడిపోయింది. పేరు మాత్రం వాటిలో ఒకదానికి అలాగే నిలిచింది, పాత నేలలో నాలుగో వంతు దానితో. అనంతపురం కూడా అంతే, 19,130లో 10,205 చదరపు కిలోమీటర్లు అదే పేరుతో మిగిలి, 8,925 శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లింది. ఒక పట్టికలో 2015 దాకా పాత ఆదిలాబాద్ అంకెలు, ఆ తర్వాత కొత్త ఆదిలాబాద్ అంకెలు ఒకే పేరు కింద వరుసగా రాస్తే, ఆకాశంలో ఏ మార్పూ లేకపోయినా వాన తీరు మారినట్టు కనిపిస్తుంది. దాన్ని వాతావరణ మార్పు అని చదివితే రెవెన్యూ ఉత్తర్వును రుతుపవనంగా చదివినట్టు. ఈ విషయంలో గళ్ల డేటా మనకు గొప్ప వరం. గళ్లు ఏ ప్రభుత్వంతోనూ మారవు. ఇప్పటి హద్దు తీసుకుని 1901 దాకా వెనక్కి కోసుకుంటూ పోవచ్చు, లేదా పాత హద్దును ఇప్పటి దాకా తెచ్చుకోవచ్చు. రెండూ సరైనవే, ఏది చేశామో చెప్పినంత కాలం.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది పెద్ద బేసిన్ల నుంచి వస్తుంది. కృష్ణా పరీవాహక ప్రాంతం 2,58,948 చదరపు కిలోమీటర్లు, దాదాపు 350 గళ్లు. అంచు గళ్లను ఎలా కోసినా లోపలి గళ్ల బలం ముందు ఆ తేడా నిలవదు కదా అంటారు. నిజం. అక్కడ నా పట్టుదల సడలించుకుంటాను. ఏ పద్ధతైనా ఏడాది సగటు మీద పెద్ద తేడా రాదు. కానీ మన పరిశోధనలు ఎక్కువగా జరిగేది మండలం మీద, ఒక చెరువు ఆయకట్టు మీద, చిన్న వాగు మీద. ప్రాంతం చిన్నదయ్యే కొద్దీ లోపలి గళ్లు తగ్గి అంచు గళ్లే మిగులుతాయి, చివరికి అంచు తప్ప లోపల ఏమీ ఉండదు. మండలం అలాంటిదే.

రెండో అభ్యంతరం, అయితే సన్న గళ్ల డేటా వాడితే సరిపోతుంది కదా అని. ఉపగ్రహాల ఆధారంగా 1981 నుంచి లభించే చిర్ప్స్ డేటాలో గడి ఐదున్నర కిలోమీటర్లే. మన శాఖ గడి ఒక్కదానిలో అవి 25 పడతాయి, మండలానికి పదైనా వస్తాయి. కోతకు అది సుఖంగానే ఉంటుంది. కాని అక్కడ ఉపగ్రహం చూసేది మేఘాల నెత్తి ఎంత చల్లగా ఉందో. నేల మీద మాపకంలో పడిన నీటిని అది చూడదు. అంత ఎత్తుకు ఎదగని మేఘాల నుంచి కొండల మీద పడే వాన దానికి సరిగా అందదు. దాన్ని నేల మీది మాపకాలతో సరిదిద్దుతారు, ఆ మాపకాలు మళ్లీ ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. జల్లెడ కన్ను సన్నదైనంత మాత్రాన పిండి పెరగదు. మరికొందరు పావు డిగ్రీ డేటానే సాఫ్ట్‌వేర్‌తో సన్నగా విడగొట్టి మండలాలకు పంచుతారు. కోతకు సౌకర్యంగా అలా చేస్తే తప్పులేదు, కాని కొత్త సమాచారం వచ్చిందని చెప్పుకుంటే తప్పే.

మూడోది, మండలానికి ఒక వర్షమాపకం ఉండగా ఈ గళ్ల గొడవ ఎందుకని. మాపకం మూతి జానెడు వెడల్పు కూడా ఉండదు. అది చెప్పేది తాను నిలబడిన చోటు సంగతి, 304 చదరపు కిలోమీటర్ల సంగతి కాదు. మాపకాలకు నాగాలుంటాయి, చోటు మార్పులుంటాయి. గళ్ల డేటాకు మరో రకం బలహీనత ఉంది. ఒక ఊరి మీద కుమ్మరించిన వానను అది చుట్టూ పరిచి పలచన చేస్తుంది, అసలు పడని చోట తుంపర చూపిస్తుంది. కుండపోత ఎంత తీవ్రమో తెలియాలంటే మాపకాన్నే అడగాలి. ముప్పై ఏళ్లలో, వంద ఏళ్లలో వాన నడత ఎలా ఉందో తెలియాలంటే గళ్లను అడగాలి. ఒకదానితో ఇంకోదాన్ని సరిచూసుకోవడమే సరైన దారి, ఒకటి ఉందని రెండోది మానడం కాదు.

ఇంత డేటా మోయలేం, అందుకే ముందే చిన్నగా కోసుకుని తెచ్చుకుంటామనే మాటకు సమాధానం సులభం. వాతావరణ శాఖ వాన ఫైలు దేశమంతటికీ కలిపి ఏడాదికి 25 మెగాబైట్లు. నూట ఇరవై ఏళ్లూ తెచ్చుకున్నా 3 గిగాబైట్లు, చేతిలోని ఫోనులో పట్టేంత. దాన్ని ముందే కోయాల్సిన అవసరమే లేదు. మొత్తం తెచ్చి భద్రపరచి, కోత చివరికి పెట్టుకోవాలి. ఈఆర్ఏ5 సంగతి వేరు. ప్రపంచమంతటా పది లక్షల పైచిలుకు ముడులు, ఏడాదికి 8,760 గంటలు. ఒక్క వాన లెక్కకే ఏడాదికి 909 కోట్ల అంకెలు. అక్కడ ప్రాంతం చెప్పి అడగక తప్పదు. అడిగేటప్పుడు ఉత్తరం, పడమర, దక్షిణం, తూర్పు అనే వరుసలో హద్దులు ఇవ్వాలి, మన ప్రాంతానికి నాలుగు వైపులా కనీసం అర డిగ్రీ వదలాలి. అందులో వాన మీటర్లలో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

సిద్ధాంత వ్యాసాలు పర్యవేక్షించే ఆచార్యులకు, వాటిని పరీక్షించేవారికి నా విన్నపం ఇది. వాన పటం కనబడగానే మొదట మూడు ప్రశ్నలు అడగండి. హద్దు ఫైలు ఏ సంవత్సరానిది, అంచు గళ్లకు ఎంత బరువు ఇచ్చారు, రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది అని. వాటికి విద్యార్థి ఇవ్వాల్సింది నాలుగు వాక్యాల జవాబు. ఆ నాలుగు వాక్యాలు ఉంటే పదేళ్ల తర్వాత ఇంకొకరు అదే లెక్క మళ్లీ కట్టి చూడగలరు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరేది కూడా ఒకటుంది. జిల్లాల, మండలాల హద్దుల ఫైళ్లను, అవి అమల్లోకి వచ్చిన తేదీతో సహా, పాతవీ కొత్తవీ ఒకే చోట ఎవరైనా ఉచితంగా తెచ్చుకునేలా పెట్టండి. వాన డేటా ఉచితంగా దొరుకుతోంది. దాన్ని కోసే గీత కూడా అలాగే దొరకాలి.